పాత పేరుతో వచ్చిన పడవ: ఆ పేరే ఉంచాలా, మార్చాలా?

కొత్తపట్నం చిన్నోడు:
సభ్యులందరికీ నమస్కారం. మాది కొత్తపట్నం తీరంలోని ఒక పల్లెపాలెం. అన్నదమ్ములం ముగ్గురం సమాన వాటాలు వేసుకొని, మైపాడు వైపు నుంచి ఒక ఫైబర్ పడవను అవుట్‌బోర్డు ఇంజనుతో సహా కొన్నాము. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సాగే వేట నిషేధం ముగిసేలోగా దానికి మరమ్మతులు చేయించి, రంగులు వేయించి, నీటిలోకి దించాలన్నది మా ఆలోచన. పని అంతా సవ్యంగానే సాగుతున్నది కాని, పేరు దగ్గర ఆగిపోయాము.

పడవ మీద ఇప్పటికే ‘పినాకిని’ అని రాసి ఉన్నది. పెద్దన్న దాన్ని చెరిపించి ‘గంగమ్మ తల్లి’ అని రాయించాలంటున్నాడు. చిన్నన్న తన కూతురి పేరు పెట్టాలని పట్టుబడుతున్నాడు. నాకేమో ఉన్న పేరే బాగున్నదనిపిస్తున్నది. మా అమ్మ మాత్రం, పినాకిని అంటే పెన్న, అది నెల్లూరు వాళ్ల ఏరు గాని మన ఏరు కాదు కదా, ఆ పేరు మనకెందుకని అడుగుతున్నది. వాడిన పడవ కొన్నప్పుడు పేరు మార్చడం మన తీరంలో ఆచారమేనా, కాగితాల్లో అందువల్ల చిక్కులేమైనా వస్తాయా, అసలు పడవకు ఎటువంటి పేరు నప్పుతుంది అన్న విషయాలు తెలిసినవారు చెప్పగలరని మనవి.

జువ్వలదిన్నె జాలరి:
తమ్ముడూ, ముందుగా ఒక మాట అడుగుతాను. అమ్మినాయన నష్టపోయి అమ్ముకున్నాడా, లేక ఇంతకన్న పెద్ద పడవ కొనుక్కోవడానికి అమ్మాడా? మా పట్టపుపాలెంలో పెద్దలు పేరు సంగతి తేల్చే ముందు విచారించేది ఇదే. కలిసివచ్చి అమ్మిన పడవైతే దాని పేరు జోలికి ఎవరూ పోరు. అప్పులపాలై అమ్మిన పడవైతే పసుపునీళ్లతో కడిగి, నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, కొత్త పేరు రాయిస్తారు. ఇదంతా నమ్మకమే గాని శాసనం కాదు.

అయితే మీరు ఏ పేరు రాయించినా, ఒడ్డున ఉన్నవాళ్లు చాలాకాలం దాన్ని మైపాడు పడవ అనే పిలుస్తారు.

కొత్తపట్నం చిన్నోడు:
అన్నా, ఆయన పడవకు వచ్చిన లోటేమీ లేదు. కొడుకులిద్దరూ చెన్నైలో ఉద్యోగాల్లో చేరడంతో వేటకు మనుషులు చాలక అమ్మివేశారు.

దస్త్రాల దారి:
కాగితాల విషయం నేను చెబుతాను. మత్స్యకారుల అర్జీలు రాసిపెట్టడం నా వృత్తి.

చేపల పడవల రిజిస్ట్రేషనుకు 1958 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టంలో 1983లో ప్రత్యేకంగా ఒక భాగాన్ని చేర్చారు. రాష్ట్రంలో వేట లైసెన్సుకు 1994 నాటి సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఆధారమయింది. ఇప్పుడు దరఖాస్తులు రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా నడుస్తున్నాయి. అధికారుల దృష్టిలో మీ పడవను గుర్తించేది దాని నంబరు. మొదట దేశాన్ని, తర్వాత రాష్ట్రాన్ని సూచించే అక్షరాలు, మధ్యలో మీ పడవలా మోటారు బిగించినదైతే ఎంఓ అని, ట్రాలరు వంటి మరపడవ అయితే ఎంఎం అని, చివర అంకెలు వస్తాయి. పడవకు రెండు వైపులా చెరగకుండా కనిపించవలసింది ముందుగా అది. పేరు ఆ తర్వాతి మాట.

అంతమాత్రాన పేరుకు విలువ లేదనుకోవద్దు. రిజిస్ట్రేషను పత్రంలో ఒక పేరు, బీమా పాలసీలో ఇంకొక పేరు, పడవ మీద మూడో పేరు ఉంటే, ప్రమాదం జరిగి పరిహారం అడిగే రోజున ఆ మూడూ ఒకే పడవవని నిరూపించవలసిన భారం మీ మీద పడుతుంది. మీరు ఎలాగూ యాజమాన్య మార్పిడికి దరఖాస్తు చేయాలి. పైగా నెల్లూరు జిల్లా పడవను ప్రకాశం జిల్లాకు తెస్తున్నారు. పేరు మార్చదలచుకుంటే ఆ పనితోపాటే అడగండి. ముందు యాజమాన్యం మార్పించుకొని, కొన్నాళ్లకు పేరు మార్పించుకుందామని వెళితే రెండుసార్లు తిరగవలసి వస్తుంది. అన్నిటికన్న ముందు మీ సచివాలయంలోని మత్స్య సహాయకులకు పాత పత్రం చూపించండి. పడవ మీద రాసిన ‘పినాకిని’ ఆ పత్రంలో కూడా ఉన్నదో లేదో చూసుకోండి, ఎందుకంటే పడవ మీద ముచ్చటపడి రాయించుకున్న పేరు కాగితంలోకి ఎక్కని సందర్భాలు నేను చాలా చూశాను.

ఒంగోలు శాసనప్రియ:
ఈ చర్చ చదువుతుంటే నాకొక పేరు తోచింది. ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది గాని నిన్నమొన్నటి వరకు మన ప్రకాశం జిల్లాలోనే ఉన్న మోటుపల్లి, కాకతీయుల కాలంలో పెద్ద రేవు. గాలివానకు దెబ్బతిని తీరానికి కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకొనేవారు. తాను అలా చేయనని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకొని సముద్ర వర్తకులకు రక్షణ కల్పిస్తానని గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో శాసనం వేయించాడు. దానినే మనం అభయ శాసనం అంటున్నాము. సముద్రం మీద బ్రతికేవారి కష్టాన్ని పట్టించుకొన్న అంతటి మాట మన తీరంలోనే రాతిమీద ఉండగా, పడవకు ‘అభయ’ అన్న పేరు కన్న తగినది ఏముంటుంది? గంగమ్మ తల్లి ఇచ్చేదీ అభయమే కాబట్టి మీ పెద్దన్నగారు కూడా కాదనలేరు.

సరంగు పదహారు:
శాసనప్రియ గారి సూచన విన్నప్పుడు నాకూ ముచ్చటేసింది. కాని చాలాకాలం వైర్‌లెస్ ముందు కూర్చున్నవాడిగా నేను దానికి ఒప్పుకోలేను.

వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్టులో పిలుపుకూ ఆపదకూ వాడే చానల్ పదహారవది. ఆపదలో ఉన్న పడవ ముందుగా ‘మేడే’ అని మూడుసార్లు పలికి, వెంటనే తన పేరు మూడుసార్లు చెప్పాలి. ఆ తర్వాతే తానెక్కడ ఉన్నదీ, ఏమి జరిగిందీ, ఎంతమంది ఉన్నదీ చెప్పడం. మూడేసిసార్లు చెప్పమన్నది ఎందుకంటే, గాలి, ఇంజను హోరు, సెట్టులోని గరగర కలిసి మొదటిసారి పలికినదాన్ని మింగేస్తాయి. అటువంటి చోట ‘అభయ’ అంటే అవతలివాడి చెవికి చివరి అక్షరం తప్ప ఏమీ మిగలదు. మన తీరంలో ‘విజయ’లు, ‘ఉదయ’లు, ‘అజయ’లు ఎన్ని పడవలున్నాయో మీకు తెలియనిది కాదు. వెతకడానికి బయలుదేరినవారు విజయ కోసం వెతుకుతుంటే, అభయ ఎక్కడో మునిగిపోతుంటుంది.

‘గంగమ్మ తల్లి’ది వేరే రకం ఇబ్బంది. ఆ పేరు చెవికి స్పష్టంగానే వినబడుతుంది. కాని ఒకే రాత్రి ఒకే నీళ్లలో నలుగురు గంగమ్మలుంటే, ‘గంగమ్మా, వల తీసుకో, మీదికి మరపడవ వస్తున్నది’ అన్న కేక ఎవరికని? నలుగురూ వల తీసుకుంటే నష్టం, నలుగురూ మనకు కాదనుకుంటే అంతకన్న నష్టం.

నన్నడిగితే మూడు నాలుగు అక్షరాలుండి, అక్షరానికీ అక్షరానికీ మధ్య పలుకు మారుతూ, చుట్టుపక్కల పాలేల్లో ఇంకొకరికి లేని పేరు మంచిది. ‘పినాకిని’ ఈ మూడు లెక్కల్లోనూ నెగ్గుతుంది. అనుమానముంటే ఇంజను నడుస్తుండగా ఒకరు పడవలో నిలబడి, ఇంకొకరు ఒడ్డున నిలబడి, అనుకున్న పేర్లన్నీ కేకవేసి చూసుకోండి. సెట్టు పనిచేయకపోయినా, ఫోను అందే దూరంలో ఉంటే తీరరక్షక దళం వారి 1554 నంబరుకు చేయవచ్చు. అక్కడా మొదట అడిగేది పడవ పేరు, నంబరే.

జువ్వలదిన్నె జాలరి:
సరంగు గారూ, గంగమ్మ పేరున్న పడవలను మేము ఇంటిపేరు కలిపి పిలుచుకుంటాము. మా ఊరివాళ్ల మధ్య ఏ గందరగోళమూ లేదు.

సరంగు పదహారు:
మీ ఊరివాళ్ల మధ్య లేదు. కాని మీ ఇంటిపేర్లు కృష్ణపట్నం తీరరక్షక దళ స్టేషనులో కూర్చున్న హర్యానా కుర్రవాడికి ఎట్లా తెలుస్తాయి?

పాకల చేపలబుట్ట:
ఇంతసేపూ మగవాళ్లు సముద్రం మీది సంగతులే మాట్లాడారు. పడవ పేరు ఎక్కువగా పలికేది ఒడ్డున. నేను వేలంలో చేప కొని సింగరాయకొండ, కందుకూరు సంతల్లో అమ్ముకొనేదాన్ని. ‘ఈ వంజరం ఏ పడవది?’ అని అడగకుండా మేము పాట పాడము. ఏ పడవవాళ్లు ఐసు సరిగా వేస్తారో, ఏ పడవవాళ్లు నిన్నటి చేప కింద పెట్టి ఇవాళ్టి చేప పైన పరుస్తారో మాకు తెలుసు. ఆ మంచీ చెడూ అంతా పేరుకే అంటుకొని ఉంటుంది. మైపాడులో ‘పినాకిని’కి మంచి పేరే ఉండి ఉంటే అది అక్కడి ఒడ్డుదే గాని మీ వెంట కొత్తపట్నం రాదు కాబట్టి, పాత పేరు వల్ల మీకు వేలంలో వచ్చే లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఇక చిన్నన్న గారి కూతురి సంగతి. తండ్రి ముచ్చటను నేను తప్పుపట్టను. కాని ఆలోచించండి. వేట పడని రోజున ఒడ్డున అందరూ ‘ఫలానా పిల్ల ఖాళీగా వచ్చింది’ అంటారు. వాటా ముగ్గురిదీ అయినప్పుడు మిగిలిన ఇద్దరి పిల్లల సంగతేమిటన్న ప్రశ్న ఈ ఏడు రాకపోయినా వచ్చే ఏడు వస్తుంది, అది మొదట వచ్చేది మగవాళ్ల నోట కాదు, వంటింట్లో. అన్నిటికీ మించి, ఈ పడవను మీరు కొన్నట్లే రేపు ఇంకొకరు కొంటారు. అప్పుడు మీ ఇంటి ఆడపిల్ల పేరు ముక్కూ మొహం తెలియనివారి చేతిలోకి పోతుంది.

జువ్వలదిన్నె జాలరి:
అమ్మా, మీ మాటకు ఎదురు చెబుతున్నానని అనుకోవద్దు. నా మొదటి పడవకు నా పెద్దకూతురి పేరే పెట్టాను. వేట పడని రోజున ఒడ్డువాళ్లు అనే మాటలు ఏ పేరు పెట్టినా అంటారు. ఆ పిల్ల బడికి పోయే రోజుల్లో తన పేరు పడవ మీద చూసుకొని పొంగిపోయేది, పడవ రేవు దాటే సమయం కూడా ఆ పిల్లకు నోటికి వచ్చేది. పడవ అమ్మినప్పుడు బేరంలో ముందుగానే చెప్పి, పేరు నేనే గీకించి అప్పగించాను. కొన్నాయన ఏమీ అనుకోలేదు. కాకపోతే ఆ పడవ నా ఒక్కడిది. ముగ్గురి ఉమ్మడి పడవ విషయంలో మీరు చెప్పినదే సబబు.

మైపాడు మాష్టారు:
పదవీ విరమణ చేసిన బడిపంతులును. మా ఊరి పడవ గురించి చర్చ జరుగుతున్నది కనుక జోక్యం చేసుకుంటున్నాను.

చిన్నోడి తల్లిగారి అభ్యంతరం నన్ను ఆకట్టుకున్నది. పెన్న కర్ణాటకలోని నందికొండల్లో పుట్టి, అనంతపురం, కడప జిల్లాలు దాటి మా నెల్లూరు చేరుతుంది. ఇక దానిని ఎవరి ఏరు అనాలి? పినాకిని అన్న పేరు కూడా మా ఒక్కరిదే కాదు, తమిళనాడులో కడలూరు దగ్గర సముద్రంలో కలిసే పొన్నైయారును దక్షిణ పినాకిని అంటారు. విజయవాడ నుంచి చెన్నై పోయే రైలు కూడా అదే పేరుతో రోజూ ఒంగోలు మీదుగానే పోతున్నది, ఒంగోలువారు ఎవరూ ఆ పేరు మాది కాదని ఎక్కడం మానలేదు. మీ సొంత ఏరు పేరే కావాలంటే నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ ఉండనే ఉన్నది.

ఓడల పేర్ల విషయంలో నాకు నచ్చిన పద్ధతి ఒకటున్నది. స్వతంత్ర భారతంలో విశాఖపట్నంలో కట్టిన పెద్ద ఓడ ‘జలఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారు. దానిని కట్టిన సింధియా కంపెనీ తన ఓడలకు ‘జల’ అన్న మాట ముందు చేర్చి పేర్లు పెట్టుకొన్నది. పేరు వినగానే ఓడ ఎవరిదో తెలిసేది. నౌకాదళం వారు ఇంకొక పద్ధతి పాటిస్తారు. 1961 నుంచి 1997 వరకు పనిచేసిన విక్రాంత్ పేరునే 2022లో కొత్త విమానవాహక నౌకకు పెట్టారు. పడవ పాతబడిపోయినా పేరు మిగలడమన్నమాట. మీ ముగ్గురూ రేపు రెండో పడవ కొనే ఆలోచన ఉంటే, ఇప్పుడు పెట్టే పేరు దానికి కూడా పనికివచ్చేట్లు చూసుకోండి. ఆ లెక్కన ఏటి పేరుతో మొదలుపెడితే, తర్వాతి పడవకు మీ అమ్మగారు కోరిన ఏరు దొరుకుతుంది.

పేరు రాసినంత మాత్రాన అది పడవకు అతకదన్నదీ మా తీరం చూసినదే. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత దాతలు ఇచ్చిన ఫైబర్ పడవల మీద ఆ దాతల పేర్లు పెద్ద అక్షరాలతో ఉండేవి. ఇచ్చినవారి మీద కృతజ్ఞత ఉన్నా, ఆ పేర్లతో పడవను పిలిచినవారిని నేను చూడలేదు. రెండోసారి రంగు వేసేటప్పటికి చాలా పడవల మీద ఆ పేర్లు పోయి గంగమ్మలు, పోలేరమ్మలు, పిల్లల పేర్లు వచ్చాయి.

కావలి కుంచె:
బోర్డులు, పడవలు రాసేవాణ్ని. చెవికి వినబడేదాని గురించి సరంగు గారు చెప్పారు, కంటికి కనబడేదాని గురించి నేను చెబుతాను.

దూరం నుంచి తెలుగు అక్షరం చదవాలంటే ఒత్తులే శత్రువులు. పైన అక్షరం పెద్దదిగా రాస్తే కింద ఒత్తుకు చోటుండదు, ఒత్తుకు చోటిస్తే అక్షరం చిన్నదవుతుంది. పైగా ఒత్తు పడేది నీటి చిమ్ములు తగిలే కింది వైపు, అందువల్ల అదే ముందు పోతుంది. మాష్టారు చెప్పిన ‘గుండ్లకమ్మ’లో రెండు చోట్ల ఈ బాధ ఉన్నది. ‘గంగమ్మ తల్లి’లోనూ ఉన్నది. ‘అభయ’, ‘పినాకిని’ సాఫీగా రాయవచ్చు. ‘పినాకిని’లో ఒకే జాగ్రత్త, మొదటి అక్షరం ‘ప’ పైభాగం తెరిచి, ఎడం ఎక్కువ ఇచ్చి రాయకపోతే, రంగు కాస్త మాసేసరికి ‘వినాకిని’ అయిపోతుంది. వల లాగే వైపు పేరు ఎంత బాగా రాసినా రాపిడికి నిలవదు కాబట్టి అక్కడ పై అంచుకు దగ్గరగా రాయించుకోండి. తెల్లటి నేల మీద ముదురు నీలం గాని నలుపు గాని బాగా కనబడుతుంది. పసుపు మీద ఎరుపు పండగకు బాగుంటుంది గాని దూరానికి అంత స్పష్టంగా ఉండదు. తెలుగు రానివారు చదవడానికి కింద ఇంగ్లీషు లిపిలో కూడా రాయించడం మేలు.

పేరు మార్చదలిస్తే ఇంకొకటి తెలుసుకోండి. ఫైబర్ మీద పాత అక్షరాల పైన ఊరికే రంగు పూస్తే, కొన్నాళ్లకు ఎండ పక్కనుంచి పడినప్పుడు పాత పేరు ఉబ్బెత్తుగా కనబడుతుంది. ఒక పడవ మీద రెండు పేర్లు కలగలిసి ఏదీ చదవరాకుండా ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఉప్పుకాగితంతో పాత అక్షరాలు పూర్తిగా పోయేదాకా రుద్ది, కడిగి ఆరబెట్టి, ప్రైమర్ వేసి, ఆ తర్వాత రంగు వేయాలి. అది ఒక్క పూటలో అయ్యే పని కాదు.

దేవుడి పేర్ల గురించి నాకొక పట్టింపు ఉన్నది. పడవ బయటి వైపు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కాళ్లు తగులుతాయి. అందుకే అమ్మవారి పేరు లోపల, ముందుకొసన, కుంకుమ పెట్టి దండం పెట్టుకొనే చోట రాయమని చెబుతాను. చాలామంది ఒప్పుకుంటారు.

ఒంగోలు శాసనప్రియ:
సరంగు గారి వాదన బలమైనదే. అయినా ‘అభయ’ను నేను పూర్తిగా వదులుకోను. ‘మోటుపల్లి అభయ’ అంటే ఎవరికీ విజయ అని వినబడదు.

సరంగు పదహారు:
వినబడదు. కాని గాలివానలో ఏడక్షరాలు మూడుసార్లు చెప్పే ఓపిక ఎవరికుంటుంది? నాలుగో రోజుకల్లా మనవాళ్లు దాన్ని కురచ చేసి ‘అభయ’ అనే పిలుస్తారు, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

కొత్తపట్నం చిన్నోడు:
అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలన్నీ ఇంట్లో చదివి వినిపించాను. దస్త్రాల దారి గారు చెప్పినట్లు సచివాలయానికి వెళ్లి పాత పత్రం చూపించాము. అందులోనూ ‘పినాకిని’ అనే ఉన్నది, బీమా పాలసీలోనూ అదే ఉన్నది. యాజమాన్య మార్పిడికి మాత్రమే దరఖాస్తు పెట్టాము. కుంచె గారి మాట పెద్దన్నకు బాగా నచ్చింది. గంగమ్మ తల్లి పేరు లోపల ముందుకొసన రాయిస్తే, బయట ఏ పేరున్నా తనకు అభ్యంతరం లేదన్నాడు. అమ్మ మాత్రం, రెండో పడవ కొన్నప్పుడు దానికి గుండ్లకమ్మ పేరే పెట్టాలని ఇప్పటినుంచే మాట తీసుకొన్నది. ఒత్తుల బాధ కుంచె గారే పడాలి.

చిన్నన్న ఇంకా ఒప్పుకోలేదు. చేపలబుట్ట అక్క రాసినది రెండుసార్లు చదివించుకొని, జాలరి అన్న రాసినది మాత్రం నాలుగుసార్లు చదివించుకున్నాడు. తన వాటా డబ్బుతో ఎప్పటికైనా ఒక తెప్ప కొని దానికి పిల్ల పేరు పెట్టుకుంటానని అంటున్నాడు. ఆ అలక తీరాకే రంగులు మొదలుపెడదామా, లేక ఆగకుండా మొదలుపెట్టమంటారా?

పాకల చేపలబుట్ట:
మొదలుపెట్టండి. నీటిలోకి దించే రోజున కొబ్బరికాయ ఆ పిల్ల చేత కొట్టించండి. నౌకాదళం వాళ్లు కూడా ఓడను నీటిలోకి దించే వేడుక ఆడవాళ్ల చేతులమీదుగానే జరిపిస్తారట కదా, మాష్టారూ?

మైపాడు మాష్టారు:
అవునమ్మా, అది వారి ఆనవాయితీయే.

కావలి కుంచె:
ఎవరి చేత కొట్టించినా సరే, కొబ్బరికాయ పేరు మీద పడకుండా చూడండి, పచ్చి రంగు లేచిపోతుంది. ఇంకొక మాట. నిషేధం ముగిసే వారంలో తీరమంతా రంగులవాళ్ల కోసం వెతుకుతుంటుంది, అప్పుడు పిలిస్తే ఎవరూ దొరకరు. ముందు నంబరు, తర్వాత పేరు, చివర లోపలి గంగమ్మ అన్న వరుసలో ఇప్పుడే పని పెట్టించుకోండి. నంబరును మాత్రం పాత ఫొటో చూసి రాయించవద్దు, రంగులాయన చేతికి పత్రం నకలు ఇవ్వండి.